అవసరానికి వేరే పంచాంగం ఉంది

(ధనుర్మాసంలో ఒడిశాలోని బరంపురంలో మన తెలుగువాళ్ళం కలిసిన రోజున, పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన ఒక పెద్దావిడ మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం, మాటలు మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకి రండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. బాబూ, ఆ కిటికీ రెక్క వెయ్యి, పెద్దవాళ్ళకి చలిగాలి తగుల్తోంది. ఆ, చాలు.

సంక్రాంతి వస్తోంది, లేనివాళ్ళకి ఈసారి మనం ఏం చేద్దాం, దాని గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఏటా చేస్తూనే ఉన్నాం కదా. చందా పోగుచేస్తాం, దుప్పట్లు కొంటాం, బియ్యం కొంటాం, భోగికి ముందు రోజు వ్యానులో వేసుకుని వెళ్ళి పంచి వస్తాం. మంచి పనే. నేను కాదనను. నేను కూడా ఆ వ్యాను ఎక్కినదాన్నే. కానీ ఇన్నేళ్ళు చూశాక నాకొక మాట గట్టిగా అనిపిస్తోంది. మనం మన పంచాంగం చూసి ఇస్తున్నాం. అవసరానికి వేరే పంచాంగం ఉంది. ఆ రెండూ కలవడం లేదు. ఇవాళ నేను చెప్పేదంతా ఇదే.

పండగకి ఇవ్వడం మనకి ఎవరో నేర్పాలా? మీ చిన్నప్పుడు హరిదాసు వచ్చేవాడా లేదా? చెప్పండి. వచ్చేవాడు. ధనుర్మాసం నెల్లాళ్ళూ వచ్చేవాడు. తల మీద రాగి అక్షయపాత్ర, భుజాన తంబుర, చేతిలో చిడతలు. ఆయన అడగడు. గుమ్మం ముందు నిలబడి "అమ్మా" అని కేకెయ్యడు. పాడుకుంటూ వస్తాడు, పాడుకుంటూ పోతాడు. మా నాయనమ్మ నా దోసిట్లో బియ్యం పోసి "పద, ఒక్క గింజ కింద పడకూడదు" అనేది. నేను పొట్టిదాన్ని, నాకు అందదు కదా, ఆయన ముగ్గు పక్కన మోకాళ్ళ మీద కూర్చునేవాడు. పాట ఆపకుండానే కూర్చునేవాడు. నేను పాత్రలో పోసేదాన్ని. లేచి వెళ్ళిపోయేవాడు.

అప్పుడు తెలియలేదు గానీ, ఆలోచించండి. పాత్ర ఎక్కడుంది? తల మీద. ఎవరు దోసెడు పోశారో, ఎవరు పిడికెడు పోశారో ఆయనకి కనబడదు. కనబడకూడదు. పుచ్చుకునేవాడు చెయ్యి చాచక్కర్లేదు, ఇచ్చేవాడి మొహం చూడక్కర్లేదు. ఎంత మర్యాద ఉందండీ ఆ ఒక్క పద్ధతిలో! ఎవరు ఆలోచించి పెట్టారో, వాళ్ళకి దణ్ణం పెట్టాలి.

మార్గశిర లక్ష్మివారాలు మనమూ చేస్తాం, మన ఒడియా ఇరుగుపొరుగువాళ్ళూ చేస్తారు. వాళ్ళు మాణబసా గురుబార అంటారు. ధాన్యం కొలిచే మానిక పెట్టి, వాకిలి నుంచి దేవుడి గది దాకా బియ్యప్పిండితో లక్ష్మి పాదాలు వేసి, ఆ రోజు బలరామదాసు లక్ష్మీపురాణం చదువుతారు. మీలో చాలామంది విన్నారు, పక్కింటి వరండాలో కూర్చుని విన్నారు. విననివాళ్ళ కోసం చెప్తాను. లక్ష్మి తెల్లారకట్ట ఊరు చూడ్డానికి బయల్దేరింది. ఊరి చివర శ్రియా అని చండాల స్త్రీ. ఇల్లు అలికి, ముగ్గు పెట్టి, భక్తితో పూజ చేసుకుంటోంది. లక్ష్మి ఆ ఇంట్లో అడుగు పెట్టింది. అది చూసి బలభద్రుడికి కోపం వచ్చింది. తమ్ముడు జగన్నాథుడితో చెప్పి ఆవిణ్ణి గుడిలోంచి పంపించేశారు. ఆవిడ వెళ్తూ శపించింది, పన్నెండేళ్ళు మీకు అన్నం పుట్టదని. అన్నదమ్ములిద్దరూ ముష్టికి బయల్దేరారు. ఎక్కడా మెతుకు దొరకలేదు. చివరికి తెలియకుండా లక్ష్మి ఇంటికే వచ్చి, అక్కడ తిన్నారు.

జగన్నాథుడండీ! ఆయనే చిప్ప పట్టుకుని గుమ్మాలు తిరిగాడు. ఈ నేల మీద ఆ కథ పుట్టింది. ఇచ్చే చెయ్యి ఎప్పుడూ ఇచ్చే చెయ్యే అనుకోకండి. బరంపురంలో 2013 చూసినవాళ్ళకి ఇది నేను చెప్పాలా?

2013 అక్టోబరు 12. ఏ రోజు? దుర్గాష్టమి. పందిళ్ళు వేశారు, అమ్మవార్లని నిలబెట్టారు. ఆ రాత్రి ఫైలిన్ తుఫాను మన పక్కనున్న గోపాలపురం దగ్గర తీరం దాటింది. గంటకి 200 కిలోమీటర్ల గాలి. ఆ తుఫానుకి ముందే దాదాపు 10 లక్షల మందిని ఖాళీ చేయించారు కాబట్టి అంతమంది ప్రాణాలు మిగిలాయి. 1999లో? అక్టోబరు 17న మన గోపాలపురం మీదే పెద్ద తుఫాను, దసరా రోజుల్లోనే. పన్నెండు రోజులు తిరిగేసరికి 29న పారాదీప్ దగ్గర సూపర్ సైక్లోను, దీపావళి ముంగిట్లో. 2018 తిత్లీ? అక్టోబరు 11, తెల్లవారుజామున పలాస దగ్గర. నవరాత్రులు మొదలై రెండో రోజు. అక్కడ తీరం దాటినా ఇక్కడ గజపతి జిల్లా కొండల్లో వాన కుంభవృష్టి. బారఘర ఊళ్ళో కొండచరియ విరిగిపడి, తలదాచుకున్నవాళ్ళు తలదాచుకున్న చోటే పోయారు.

చూశారా? మన ఒడ్డున పండగల నెలా తుఫాను నెలా ఒకటే. కొత్త బట్టలు కొనే వారంలోనే ఇంటికప్పు ఎగిరిపోతుంది. ఇది పంచాంగంలో రాయరు. మనమే రాసుకోవాలి.

ఫైలిన్ తర్వాత నేను చేసిన పొరపాటు ఒకటి చెప్తాను. దాచుకోవాల్సింది కాదు. నాలుగో రోజున మా వీధివాళ్ళం కలిసి రాత్రంతా పులిహోర కలిపి, నాలుగు వందల పొట్లాలు కట్టి, గోపాలపురం పక్కన జాలరి పల్లెకి తీసుకెళ్ళాం. దారంతా చెట్లు పడి ఉన్నాయి. చేరేసరికి మధ్యాహ్నం దాటింది. పులిహోర చెమ్మపట్టి వాసన వస్తోంది. అక్కడ ఒకాయన, అరవై ఏళ్ళుంటాయి, మన తెలుగే మాట్లాడతాడు. గోపాలపురం నుంచి అటు పూరీ దాకా ఒడ్డున ఉన్న జాలర్లలో చాలామంది మనవాళ్ళే కదా, ఒడియావాళ్ళు నోళియాలంటారు. ఆయన పొట్లం పుచ్చుకున్నాడు, పక్కన పెట్టాడు. "అన్నం బళ్ళు పొద్దున్నే మూడొచ్చినాయమ్మా. పిల్లల కడుపులు నిండినాయి. ఒల పోయింది. ఒల పోతే రేపటి కూడు ఎవులు పెడతారు?" అన్నాడు.

నేనేం చెప్పగలను? వల అడగాలని నాకు తోచలేదు. అసలు ఏం కావాలని అడగాలనే తోచలేదు. నాకు తోచింది పులిహోర. ఎందుకంటే అది నాకు వచ్చు. ఇంటికి వచ్చి, మిగిలిన చందా డబ్బుతో వలదారం కండెలు, ఇంటి మీద కప్పడానికి పరదాలు కొని మళ్ళీ వెళ్ళాం. ఈసారి వెళ్ళగానే మగవాళ్ళు ఇసకలో బాసింపట్టు వేసుకుని, కాలి బొటనవేలికి దారం తగిలించి, సూది ఆడించడం మొదలెట్టారు. ఎవరూ మాకు దణ్ణాలు పెట్టలేదు. పనిలో పడిపోయారు. నాకు అంతకంటే తృప్తి ఎప్పుడూ కలగలేదు.

ఇప్పుడు పోస్టాఫీసు సంగతికి వస్తాను. ముప్పై రెండేళ్ళు కౌంటరు వెనకాల కూర్చున్నాను. ఎక్కువ కాలం గోపాలపురం వైపే. అప్పట్లో మనీ ఆర్డర్లు. ఈ పిల్లలకి తెలియకపోవచ్చు. ఫారం అడుగున చిన్న కూపను ముక్క ఉండేది, పంపినవాళ్ళు రెండు ముక్కలు రాయడానికి. "అమ్మకి దండం. 400 పంపాను. నాన్న మందు కొను." అంతే చోటు. మామూలుగా పోస్టుమాను ఇంటికి పట్టుకెళ్ళి ఇస్తాడు. ఆగలేనివాళ్ళు కౌంటరుకే వచ్చేవాళ్ళు. చదువు రానివాళ్ళకి తెలుగైనా ఒడియా అయినా నేనే చదివి చెప్పేదాన్ని.

మన గంజాం జిల్లా నుంచి సూరత్ పవర్‌లూములకి లక్షల మంది వెళ్ళారు, ఇప్పటికీ వెళ్తున్నారు. ప్రతి ఊళ్ళో సూరత్ ఉంది. ఆ డబ్బుల రాకపోకలు నేను కౌంటరులోంచి చూశాను. దసరాకి ముందు కట్టలు కట్టలుగా వచ్చేవి. మరి తర్వాత? దీపావళికి అక్కడ మగ్గాలు మూసేస్తారు. రెండు మూడు వారాలు. మగ్గం ఆడితేనే కూలి, ఆడకపోతే లేదు. ఇక్కడికి ఆ దెబ్బ ఎప్పుడు తగుల్తుంది? నవంబరులో. కౌంటరు ముందు లైను ఉంటుంది, నా చేతిలో ఇవ్వడానికి ఏమీ ఉండదు. "వచ్చిందా అమ్మా?" "రాలేదమ్మా." రోజంతా అదే మాట.

ఆ నవంబరులోనే ఇంకేం జరుగుతుందో చూడండి. కార్తీకం. మనమూ, ఒడియావాళ్ళూ, చాలామందిమి నెలంతా చేప ముట్టం. చివరి అయిదు రోజులు, పంచుక, అసలే ముట్టరు. చేప కొనేవాడు లేడు. దాని వెనకే మార్గశిర లక్ష్మివారాలు, ఆ రోజుల్లోనూ లేదు. దానికి తోడు నవంబరు 1 నుంచి మే 31 దాకా ఋషికుల్య నది కలిసే చోట తాబేళ్ళ కోసం వేట నిషేధం, ఒడ్డు నుంచి 20 కిలోమీటర్ల దాకా. ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు, లక్షల్లో వచ్చి గుడ్లు పెడతాయి. వాటిని కాపాడాల్సిందే, నేను ఆ వాదనకి పోను. ప్రభుత్వం కొంత డబ్బు ఇస్తుంది కూడా. కానీ పొయ్యి రోజూ వెలగాలి కదా.

మనం కార్తీక దీపాలు పెట్టి, ఉపవాసాలు ఉండి, పుణ్యం చేసుకునే నెల ఆ పల్లెల్లో పస్తుల నెల. మన ఉపవాసం వాళ్ళకి పస్తు. ఉపవాసం మానమని నేననడం లేదు. నేనూ ఉంటాను. ఆ నెలలో చేప కొనకుండా మిగుల్చుకున్న డబ్బు ఎంత? లెక్క వేశారా ఎప్పుడైనా? ఒక ఇంటికి తక్కువేం కాదు. అది మన చేపలమ్మిదే. మన గుమ్మం ముందు బుట్ట దించే ఆవిడది. నేను అలాగే అనుకుంటాను.

అమ్మా, నువ్వు తల ఊపుతున్నావు, నీకు తెలుసు ఈ సంగతి. కదూ?

1990ల మాట. ఒకావిడ, సముద్రం ఒడ్డు పల్లె నుంచి మొదటి బస్సుకి వచ్చేది. కొడుకు సూరత్‌లో. ఆ ఏడు దీపావళి అయి మూడు వారాలైనా మనీ ఆర్డరు రాలేదు. ఆవిడ రోజు విడిచి రోజు వస్తోంది. బస్సు చార్జీ దండగ అవుతోందని నాకు బాధ. ఒకరోజు ఉండబట్టలేక నా పర్సులోంచి యాభై రూపాయల నోటు తీసి జాలీ కిందనుంచి తోశాను. "తీసుకోండి, ఏం పర్లేదు" అన్నాను. ఆవిడ నోటు వైపు చూసింది, నా వైపు చూసింది. ఒక వేలితో ఆ నోటుని వెనక్కి తోసింది. నాకు మొహం చెల్లలేదు. వెనకాల లైను ఉంది, అందరూ చూస్తున్నారు. అప్పుడు ఆవిడే అంది, "ఊరికే ఒద్దు తల్లీ. అప్పుగా రాసుకో. అలాగైతే పట్టుకెల్తాను."

పాడైపోయిన విత్‌డ్రాయల్ ఫారం వెనకాల రాశాను. పేరు, యాభై, తారీఖు. వేలిముద్ర తనే వేస్తానంది, స్టాంపు ప్యాడు ఇచ్చాను. మార్గశిరంలో మనీ ఆర్డరు వచ్చింది. డబ్బు లెక్కపెట్టుకుంది, మొట్టమొదట యాభై తీసి కౌంటరు మీద పెట్టింది. "ఆ కాయితం ఇలా ఇయ్యి" అంది. ఇచ్చాను. నాలుగు మడతలు పెట్టి కొంగున కట్టుకుంది.

ఆ తర్వాత నేను రిటైరయ్యేదాకా నవంబరులో నా సొరుగులో వేరే డబ్బు ఉండేది, నా సొంత డబ్బు, నా సొంత కాగితాలు. ఎంతమందికి ఇచ్చానో చెప్పను. తిరిగి రానివి చాలా తక్కువ. రానివాటి గురించి నేను ఎవర్నీ అడగలేదు.

ఇప్పుడు మనీ ఆర్డర్లు పోయాయి, డబ్బు ఫోనులోకే వస్తోంది. లైను కనబడదు. లైను కనబడకపోతే మనిషి ఎదురుచూడ్డం లేదని కాదు కదా?

పర్లాకిమిడి మనకెంత దూరం? అక్కడ గిడుగు రామమూర్తి పంతులు గారు బడిపంతులుగా ఉండేవారు. వాడుక భాష అనగానే ఆయన్ని తలుచుకుంటాం, తెలుగు దినోత్సవమని దండ వేస్తాం. సవరలని, కొండల్లో ఉండే గిరిజనులు, వాళ్ళ విషయంలో ఆయన చేసింది మనకి ఇవాళ కావాలి. కొండ మీంచి దిగివచ్చే సవరల్ని అందరూ చూశారు. ఆయన వాళ్ళకి ముందు ఏమిచ్చారు? బట్టలా? బియ్యమా? ముందు వాళ్ళ మాట నేర్చుకున్నారు. సవర వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. మాట వచ్చాక గదా వాళ్ళకేం కావాలో తెలిసింది. బడి కావాలని తెలిసింది. మద్రాసు ప్రభుత్వం మెచ్చి పారితోషికం ఇవ్వబోతే, నాకొద్దు, ఆ డబ్బుతో సవరలకి బడి పెట్టండి అన్నారు.

ముందు వినడం. మనం ముందు వ్యాను మాట్లాడుకుంటాం.

ఆ గజపతి కొండల్లో సవరల ఊళ్ళు చాలావాటికి పెద్ద పండగ క్రిస్మస్. మన దుప్పట్లు అక్కడికి ఎప్పుడు చేరతాయి? సంక్రాంతికి. అప్పటికి చలికాలం సగం అయిపోయింది, వాళ్ళ పండగా అయిపోయింది. మూడు వారాలు ముందు ఇస్తే మన సొమ్మేం పోతుంది? మనకి భోగి ముందు రోజే ఇస్తే పుణ్యమనిపిస్తుంది, అంతే.

పెద్దాసుపత్రి సంగతి ఒక్క నిమిషం. కోరాపుట్ నుంచి, రాయగడ నుంచి, కంధమాల్ నుంచి రోగులు బరంపురానికి వస్తారు. మంచం మీద రోగి, వరండాలో రోగి మనిషి. వాళ్ళకి దుప్పటి కావాలి, నిజమే. కానీ నేను రిటైరయ్యాక వారానికి రెండు పూటలు అక్కడ కూర్చుంటున్నాను కాబట్టి చెప్తున్నాను, ఎక్కువమంది అడిగేది దుప్పటి కాదు. "ఈ కాయితం ఏటంటోంది?" అని అడుగుతారు. ఏ గదికి వెళ్ళాలి, ఈ మందు అన్నం ముందా తర్వాతా. ఇంకొకటి అడగలేక అడుగుతారు, ఇంటికి వెళ్ళడానికి బస్సు చార్జీ. ఇంటికి పొమ్మంటారు, చేతిలో పైసా ఉండదు. అక్కడే ఇంకో రెండు రాత్రులు పడుకుంటారు. తెలుగు, ఒడియా రెండూ వచ్చినవాళ్ళు మనం. మన నోట్లో ఉన్న ఆ రెండు భాషలు ఎంత పెద్ద దానమో మనకి తెలియదు.

ఫోటోల గురించి ఎక్కువ చెప్పను. దుప్పటి ఇస్తూ తీసిన ఫోటోలో ఉన్న పిల్ల మర్నాడు బడికి వెళ్ళాలి. ఆ ఫోటో చూసిన పిల్లలూ ఆ బడికే వస్తారు. ఇంక తీయకండి.

సరే, ఇప్పుడు పని. ఈ సంక్రాంతికి నువ్వులు, గుమ్మడికాయ దానాలు మీ ఇళ్ళల్లో మీరు చేసుకోండి, అది మీ ఇష్టం. మన చందా మాత్రం ఈసారి అంతా భోగికి ఖర్చు పెట్టొద్దని నా మనవి. వచ్చే ఆదివారం పొద్దున్న ఏడింటికి నేనూ, ఇంకో ముగ్గురమూ పల్లెకి వెళ్తున్నాం. చేతులూపుకుంటూ వెళ్తున్నాం. ఏం తీసుకెళ్ళడం లేదు. కూర్చుని, ఏడాదిలో ఏ నెల ఎలా గడుస్తుందో అడిగి రాసుకుని వస్తాం. రాగలిగినవాళ్ళు రండి. తెల్ల కాగితం, పెన్ను తెచ్చుకోండి. మూటలు తేవద్దు.

అడిగితే ఏమంటారో, ఇప్పటికే నాకు కొంత తెలుసు. బడి తెరిచినప్పుడు పుస్తకాలకి. శ్రావణంలో సముద్రం పోటు మీద ఉన్నప్పుడు. పొదంపేట లాంటి ఊళ్ళని సముద్రం ఎలా మింగిందో మీరు చూశారు. అక్టోబరులో తుఫానుకి, ముందే కొని ఉంచిన పరదాలు. నవంబరులో అప్పు, కావాలన్నవాళ్ళకి అప్పుగానే, కాగితం మీద రాసి. ఇవన్నీ వాళ్ళ నోటితో విన్నాక ఖాయం చేద్దాం. నేను అనుకున్నది తప్పయితే తప్పే. పులిహోరతో నాకు బుద్ధి వచ్చింది.

గుమ్మం దగ్గర బల్ల మీద నోటుపుస్తకం పెట్టాను. పన్నెండు పేజీలు, ఒక్కో పేజీకి ఒక్కో నెల పేరు. వెళ్ళేటప్పుడు మీ పేరు రాయండి. ఎంత ఇస్తారో రాయక్కర్లేదు. ఏ నెలలో ఇస్తారో ఆ పేజీలో రాయండి. పొద్దున్నుంచి చూస్తున్నాను, జనవరి పేజీ నిండిపోయింది, వెనకవైపు కూడా రాశారు. నవంబరులో రెండు పేర్లున్నాయి, ఒకటి నాది. ఆగస్టు తెల్లగా ఉంది. బాబూ, నువ్వు ముందు లే, ఆ పుస్తకం ఇలా చేతుల మీదుగా వెనకవరసకి పంపించు.